వంక ఒడ్డు పాతర

అరవైల్లో ఒక ఎండాకాలం, నేలల పరీక్షకని ప్రభుత్వ ఉద్యోగి ఒకాయన మా ఊరొచ్చాడు. మా వంక చేనులో నిలువెత్తు గుంట తీయించి అందులోకి దిగాడు. గోడను చాకు మొనతో పై నుంచి కింది దాకా గీకి చూశాడు. పిడికెడు మట్టి తడిపి ఉండ చేసి, బొటనవేలితో నొక్కి పగలగొట్టాడు. పైకొచ్చి చేతులు దులుపుకుంటూ మా నాయనతో చెప్పాడు.

"మంచి నేల పెద్దాయనా. వంక తెచ్చి పేర్చిన ఒండ్రు. ఆరడుగులు దిగినా రాయి తగల్లేదు. నీళ్లు నిలవవు, అట్లని తడీ పోదు. ఈ చుట్టుపక్కల నేను ఇట్లాంటి గరప నేల చూళ్లేదు."

ఆ మాట వినడానికి మా నాయన ఒకప్పుడు పది మైళ్లు నడిచి పోయేవాడు. ఆ రోజు ఆయన ముఖంలో ఏమీ మారలేదు. ఒక్కటే అడిగాడు.

"దీనికి గాలాడతాదా సార్?"

"బాగా ఆడతాది. అందుకే గదా వేర్లు ఇంత లోతు పోయింది."

"వాన పడినాక?"

ఉద్యోగి కాస్త ఆలోచించాడు. "తడి నిండుగా ఉండే నాలుగు దినాలు ఆడదు. ఏ మట్టికైనా అంతే. సందుల్లో నీళ్లుంటే గాలి యాడ పోతాది?"

నాయన తల ఊపాడు. గుంట పూడ్చమని మనుషులకు చెప్పి ఇంటికి వచ్చేశాడు. ఆ రోజు అన్నం తినలేదు.

అప్పటికి ఎనిమిదేళ్ల ముందు మా అన్న ఆ చేనులోనే చనిపోయాడు. ఎట్లా చనిపోయాడో, ఆ తర్వాత వారం రోజుల్లో మా ఇంట్లో ఏమి జరిగిందో రాయాలనుకుంటున్నాను. దుఃఖం కాలంతో కొంత తగ్గింది. దిగ్భ్రమ మాత్రం తగ్గలేదు. ఇప్పటికీ పని చేసుకుంటూ ఉన్నట్టుండి ఆగిపోతాను.

మాది బత్తలపల్లె నుంచి బండిదారిన పోతే వచ్చే పల్లె. ఊరు గుట్ట వాలులో ఉంది. ఎక్కడ గడ్డపార వేసినా మూరెడు లోపల గరుసు రాళ్లు, ఇంకో మూరెడుకు బండ. ఇల్లు కట్టుకోవడానికి పునాది తీయనక్కర లేదు. మనిషి పోతే పూడ్చడానికి ఇద్దరు పొద్దంతా తవ్వాలి. ఎర్ర నేల మీద వాన పడితే పైన చెక్కు కట్టి, నీళ్లు దాని మీదనే జారిపోతాయి.

వంక ఒడ్డు ఒక్కటే వేరు. వంక ఏడాదిలో పది పదిహేను రోజులు పారేది. మిగతా కాలమంతా ఇసుక. దాని పడమటి ఒడ్డున, ఇసుకకు రెండు నిలువుల ఎత్తున, అరుగు వేసినట్టు చదునైన నేల ఉంది. ఎప్పుడో వంక అంత ఎత్తున పారిన కాలంలో వేసి పోయిన మట్టి అది. అందులో ఎకరన్నర మాది.

ఆ మట్టి ఎర్రనిది కాదు, నల్లనిదీ కాదు. కాలికి అంటదు. ఎండితే బీటలు తీయదు. సాయంత్రం వాన పడితే మరుసటి రోజు మధ్యాహ్నానికి మడక కట్టి దున్నవచ్చు. చెంబెడు నీళ్లు పోస్తే చూస్తుండగానే లోపలికి పోయేవి. కానీ నడి వేసవిలో కూడా జానెడు తవ్వి చెయ్యి పెడితే చల్లగా తగిలేది. వంక కోసిన గట్టులో ఆముదం చెట్టు వేరు ఒకటి మనిషి నిలువున దిగి ఉండటం నేను చూశాను. వేరుశనగ చెట్టు పట్టి లాగితే ఒక్క కాయ తెగకుండా వచ్చేది. ఎర్ర నేలలో సగం కాయలు లోపలే ఉండిపోయేవి, వాటి కోసం పిల్లలు కర్రలు పట్టుకుని తవ్వుకునేవాళ్లు.

బంధువులు ఎవరొచ్చినా నాయన వాళ్లను ముందు వంక చేనుకు తీసుకుపోయేవాడు. కాఫీ ఆ తర్వాతే.

ఆ నేలలోనే మా పాతర ఉండేది. పాతర అంటే గింజలు దాచుకునే గుంట. కడవ ఆకారంలో తవ్వుతారు. నోరు ఒక్క మనిషి దిగేంత, లోపల నలుగురు కూర్చునేంత. లోపల చొప్ప వేసి కాల్చి గోడను గట్టి చేసి, పేడతో అలికి, చుట్టూ గడ్డి పరిచి జొన్నలు పోస్తారు. నోటి మీద బండ పెట్టి, బురద మెత్తి, పైన మట్టి పోస్తారు. నీరు దిగని చోట ఉంటే జొన్నలు నాలుగైదేళ్లు చెడవు. మా ఊళ్లో బండ మీద ఇళ్లు ఉన్నవాళ్లకు పాతర తవ్వే చోటే లేదు. వాళ్లు గాదెల్లో పోసుకునేవాళ్లు, పురుగు పట్టి రెండో ఏటికి సగం పిండి అయ్యేది. మా పాతర జొన్నలు మూడో ఏట కూడా పళ్లకు గట్టిగా తగిలేవి.

మా అమ్మది తాడిపత్రి వైపు రేగడి పల్లె. అక్కడ పాతర తెరిచిన రోజు ఎవరూ దిగరు. ఒక రోజంతా నోరు తెరిచి పెట్టి, మరుసటి రోజు తాటికి దీపం కట్టి దించి చూస్తారు. దీపం ఆరకపోతేనే మనిషి దిగుతాడు. పాతరలో ఆవిరి ఉంటుందని, అది కనపడదని, వాసన కూడా ఉండదని వాళ్ల నమ్మకం. కొత్త కోడలుగా వచ్చిన ఏడు అమ్మ ఈ సంగతి చెప్పిందట. నాయన నవ్వినాడట.

"మీ రేగడి నీళ్లు పట్టి పెట్టుకునే నేల. ఆవిరి కూడా పట్టి పెట్టుకుంటాది. ఇది గాలాడే మట్టి. చెంబుడు నీళ్లు నిలవవు, ఆవిరి యాడ నిలుస్తాది?"

ఆ మాటలో తప్పేముందో అప్పుడు ఎవరికీ తెలియదు. నాకు కూడా సరైన మాటే అనిపించేది. ఏటా చైత్రం, వైశాఖంలో పాతర తెరిచేవాళ్లు. బండ తీసిన గంటలోపే మనిషి దిగేవాడు. ఇరవై ఏళ్లు ఏమీ కాలేదు. అమ్మ ఏటేటా దీపం మాట ఎత్తేది, ఏటేటా అందరూ నవ్వేవాళ్లు. పోనుపోను అది ఇంట్లో ఒక హాస్యం అయిపోయింది. దిగే పని మా అన్నది. సన్నగా ఉండేవాడు. బండ తీయగానే అమ్మ వైపు తిరిగి "అమ్మా, దీపం తెచ్చినావా?" అని అడిగేవాడు. అమ్మ తట్ట విసిరేది.

యాభైలు ముగిసే కాలంలో ఒక ఏడు తొలకరి ముంగారు వానలు రాలేదు. వంక చేనులో తప్ప ఎక్కడా వేరుశనగ మొలవలేదు, వంక చేనులోది కూడా ఊడలు దిగే వేళకు వాడిపోయింది. వేసవిలో పాతరలోంచి సగం జొన్నలు తీసి మళ్లీ మూసి ఉంచాము. అవి కార్తీకానికి అయిపోవచ్చాయి. గంపలో మూడు రోజులకు సరిపడా గింజలున్నాయి. అప్పుడు, ఎవరికీ పనికిరాని వేళ, మూడు రోజులు ముసురు పట్టింది.

వాన తెరిపి ఇచ్చిన రెండో రోజు పొద్దున్నే పాతర తెరవాలని నాయన నిర్ణయించాడు. అయిదుగురం పోయాము. నాయన, అన్న, మా సేద్యంలో ఉండే మనిషి, తట్టలు పట్టుకుని అమ్మా నేనూ. ఆ సేద్యగాణ్ని మేము మామ అని పిలిచేవాళ్లం.

చేనులో నడుస్తుంటే కాలికి బురద అంటలేదు. నాయన వంగి పిడికెడు మట్టి తీసి మామకు చూపించాడు.

"చూడప్పా. మూడు దినాల వాన. యాడ పోయిందో చూడు."

"నీ మట్టి సంగతి నాకు తెల్దా అన్నా. నన్నేసి పూడిస్తే నేనూ కలకాలం ఉంటా," అన్నాడు మామ.

మట్టి లాగి, మెత్తిన బురద పగలగొట్టి, ఇద్దరూ బండ జరిపారు. అన్న చొక్కా విప్పి నాకిచ్చాడు. మామ వాణ్ని ఎగాదిగా చూశాడు.

"ఏమప్పా, ఈసారి పట్టేటట్టు లేవే. అనంతపురం పోయి దోసెలు తిని నడుము పెంచినావు."

"నీ కడుపంతైతే బండతో పనేముండాది మామా. నిన్నే అడ్డం పెట్టేటోళ్లం."

నాయన కూడా నవ్వాడు. అన్న పాతర నోటి అంచున కూర్చుని కాళ్లు లోపలికి వదిలాడు. అమ్మ వైపు చూశాడు.

"అమ్మా, దీపం తెచ్చినావా?"

"దిగురా, పొద్దుపోతాంది," అంది అమ్మ.

అన్న చేతుల మీద ఆని దిగాడు. జొన్నల మీద కాళ్లు పడిన చప్పుడు వినిపించింది. "తట్ట," అన్నాడు. మామ తాటికి కట్టిన తట్ట దించాడు. తాడు వదులై నిలిచింది.

కాసేపు ఎవరమూ ఏమీ అనుకోలేదు. తట్ట నిండడానికి కొంత సేపు పడుతుంది. మామ తాడు కదిపాడు. "ఏమప్పా, నిండలేదా?"

తాడు బిగియలేదు.

"ఆటలు చాలు గానీ, నింపురా," అన్నాడు నాయన. అన్నకు అట్లా ఆడే అలవాటుండేది. గడ్డివామిలో దాక్కుని పిలిస్తే పలికేవాడు కాదు. నాకు నవ్వు కూడా వచ్చింది. ఆ నవ్వు గురించి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నాయన వంగి చూశాడు. లోపల చీకటి. అన్న వీపు మాత్రం కనిపించిందని తర్వాత చెప్పాడు, జొన్నల మీద బోర్లా. నాయన వెంటనే కాళ్లు లోపలికి పెట్టాడు. అప్పుడు అమ్మ తట్టలు వదిలేసి పరుగెత్తి వచ్చి, ఆయన్ను వెనక నుంచి నడుము దగ్గర పట్టుకుని నేల మీదికి లాగింది. మా అమ్మ బక్క మనిషి. నాయనను ఆమె అట్లా ముట్టుకోవడం నేను ఎన్నడూ చూడలేదు.

"దిగొద్దు. దిగితే నువ్వు కూడా పోతావు."

"వాడు లోపలుండాడే!"

"తెలుసు. దిగొద్దు." మామ వైపు తిరిగి అరిచింది. "పట్టుకో ఈయన్ని. వదలొద్దంటే వదలొద్దంతే. నిప్పు వేసి చూడు."

మామ ఒక చేత్తో నాయన రెక్క పట్టుకునే, బీడీల కోసం పెట్టుకున్న అగ్గిపెట్టె తీసి నాకిచ్చాడు. బండ కింద నుంచి తీసిన ఎండు గడ్డి చేతిలోకి తీసుకుని నేనే వెలిగించాను. బాగా మండుతున్న గడ్డిని లోపలికి వదిలాను. అది నోరు దాటి మూరెడు దిగింది. అక్కడ, నీళ్లలో వేసినట్టు, ఒక్కసారిగా ఆరిపోయింది. పొగ కిందికి పోలేదు, పైకి రాలేదు. ఆ మూరెడు లోతున చదునుగా పరుచుకుని నిలబడింది. నీటి మట్టం ఎక్కడుందో చూపినట్టు, ఆవిరి మట్టం ఎక్కడుందో చూపింది. దాని కింద మా అన్న ఉన్నాడు.

ఆవిరి పోవాలని కంబళి తెచ్చి పాతర నోటిలో ఆడించాము. కేకలకు పక్క చేలల్లోంచి మనుషులు వచ్చారు. వచ్చినవాళ్లలో ఒకాయన దిగబోయాడు, అమ్మ ఆయన కాళ్లకు అడ్డం పడుకుంది. చివరికి ఎవరో "గట్టు పక్క నుంచి తవ్వండప్పా" అన్నారు. పాతర గట్టు అంచుకు అయిదారు మూరల దూరంలోనే ఉంది. నలుగురు ఆ ముసురుకు పారని వంకలోకి దిగి, గట్టు ముఖాన్ని పారలతో కోయడం మొదలుపెట్టారు.

ఆ మట్టి ఎంత తేలిగ్గా తెగిందో చెప్పాలి. ఊళ్లో అయితే రెండు రోజుల పని. ఇక్కడ పార వేసిన ప్రతిసారీ గంపెడు మట్టి వచ్చి పడింది. ఒక్క రాయి అడ్డం రాలేదు. సంగటి ఉడికేంత సేపట్లో పాతర గోడ కనిపించింది. అది పగలగానే జొన్నలు బుడబుడా బయటికి వచ్చి ఇసుకలో పడ్డాయి. వాటితో పాటు అన్న చెయ్యి బయటికి వచ్చింది.

ఒంటి మీద దెబ్బ లేదు. చెంపకు జొన్నగింజలు అంటుకుని ఉన్నాయి. నేను వాటిని ఒక్కొక్కటే తీశాను. ఊళ్లో వైద్యం తెలిసిన ముసలాయన వచ్చి కళ్ల రెప్పలు ఎత్తి చూసి, లేచి పక్కకు పోయాడు.

ఆ మధ్యాహ్నం అమ్మ ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆడవాళ్లు చుట్టూ ఏడుస్తున్నారు. ఆమె ఏడవలేదు. నాయన వాకిట్లో ఉన్నాడు. ఆయనకు వినపడేంత గట్టిగా, కానీ ఎవరితోనూ కాకుండా అంది.

"ఇరవై ఏండ్లు చెప్పినా. ఈసారి చెప్పలేదు. నవ్వుతారని చెప్పలేదు. వాడు అడిగినాడు గూడా."

బతికి ఉన్నంత కాలం ఆమె ఆ సంగతి గురించి అన్న మాట అదొక్కటే. నాయనను తప్పు పట్టలేదు. పట్టి ఉంటే ఆయనకు సులభమయ్యేదేమో.

తర్వాత నేను పంతులమ్మ పని చేస్తూ, పిల్లలకు చెప్పడానికి పాఠ్యపుస్తకం చదువుతుండగా తెలిసింది. తడి తగిలిన గింజలు లోలోపల శ్వాసిస్తాయి. అవి వదిలే వాయువు మామూలు గాలి కన్నా బరువు. పల్లానికి చేరి నిలుస్తుంది. ఎండాకాలంలో ఆ మట్టి సందుల్లోంచి అది కొంత బయటికి పోయి ఉంటుంది. మూడు రోజుల వాన సందులన్నీ మూసేసింది. పైన కాలికి అంటకుండా ఉన్న మట్టి లోపల ఇంకా నిండుగా తడిసే ఉంది. నీళ్లు పైన నిలవలేదంటే లోపలికి పోయాయనే కదా అర్థం. పుస్తకం మూసేశాను. ఇంటికి వెళ్లి ఎవరికీ చెప్పలేదు.

అన్నను పూడ్చిన మరుసటి రోజు జొన్నల సంగతి వచ్చింది. వంక ఇసుకలో కుప్పగా పడి ఉన్నాయి. పాతరలో ఇంకా ఉన్నాయి. మేకలు రాకుండా మామ కాపలా ఉన్నాడు. ఇంట్లో గింజలు లేవు. మూడు రోజుల జొన్నలు వచ్చినవాళ్లకు సంగటి చేయడంతోనే అయిపోయాయి. కరువు ఏడు కాబట్టి ఊళ్లో ఎవరి దగ్గరా అప్పు పుట్టదు. అయినా నాయన తేల్చి చెప్పాడు.

"ఆ గింజ ఇంట్లోకి రాకూడదు. పాతరలో వేసి పూడ్చేస్తా."

ఊరి పెద్దావిడ ఒకామె కూడా అదే అంది. "చావు తగిలిన గింజమ్మా. పొయ్యి మీదికి ఎక్కించొద్దు."

నాలుగో రోజు సాయంత్రం దాకా మేము ఇరుగుపొరుగు తెచ్చి పెట్టింది తిన్నాం. తెచ్చిపెట్టేవాళ్ల గిన్నెలు రోజురోజుకు చిన్నవయ్యాయి. అయిదో రోజు ఎవరూ రాలేదు. ఆ రోజు మామ వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. నాయన ముఖం చూడలేక అమ్మతోనే మాట్లాడాడు.

"వదినా, అడగరాని మాట అడుగుతాండా. మీకొద్దంటే ఆ జొన్నలు మేం ఎత్తుకుంటాం. మా ఇంట్లో పొయ్యి వెలిగి రెండు దినాలాయ. పూడ్చేస్తానంటాడు అన్న. చూస్తా ఊరకుండలేక వచ్చినా."

నాయన లేచి నిలబడ్డాడు. మామను కొడతాడేమో అనుకున్నాను. మామ కూడా అట్లాగే అనుకున్నట్టున్నాడు, కదలకుండా తల వంచాడు.

అమ్మ గోడకున్న చేట తీసుకుంది. "పద," అంది. "సగం నువ్వెత్తుకో. సగం ఈడికి రావాల."

"ఏం మే, నేను చెప్పింది వినపడలేదా?" అన్నాడు నాయన.

"వినపడింది," అంది అమ్మ. ఆగలేదు.

మేము ముగ్గురం పొద్దుగూకే లోపల జొన్నలన్నీ ఎత్తాము. నాయన రాలేదు. చేటతో చెరిగితే ఇసుక పోయింది. పాతర మట్టి మాత్రం పోలేదు. సన్నటి మట్టి, గింజ గింజకూ పట్టుకుని ఉంది. అమ్మ ఆ చీకటి పడే వేళనే తిరగలి ముందు కూర్చుంది. నేను ఎదురు కూర్చుని పిడి పట్టుకున్నాను. మా ఇద్దరి చేతులూ ఒకే పిడి మీద ఉన్నాయి. గింజలు పోస్తూ ఆమె ఒక్కసారి కూడా ఆగలేదు.

సంగటి ముద్దలు చేసి మూడు పళ్లేల్లో పెట్టింది. ఎన్నడూ లేనిది, నాయన కంటే ముందు తాను కూర్చుని తిన్నది. మిరపకాయల కారంలో అద్దుకుని, ముఖం ఎత్తకుండా, ఆకలైన మనిషి తిన్నట్టు తిన్నది. చూస్తూ ఉన్న నాకు భయం వేసింది. కొడుకు ఊపిరి ఆగిన గింజలు అవి. ఆమె నా వైపు చూడకుండానే "తిను మే" అంది. నేను తిన్నాను. పంటి కింద మట్టి కరకరలాడింది. నాకు ఆకలి ఎంతగా ఉందో అప్పుడు తెలిసింది. ఇంకో ముద్ద అడిగాను. అడిగినందుకు ఈ రోజుకూ సిగ్గుపడతాను, ఆశ్చర్యపోతాను.

నాయన లేచి బయటికి పోయాడు. మేము పళ్లేలు కడుక్కునే వేళకు తిరిగి వచ్చాడు. అమ్మ ఆయన ముద్ద పెట్టిన పళ్లెం ముందుకు జరిపింది. "తింటే తిను. వాడు దిగింది దీనికే," అంది.

ఆయన పళ్లెం ముందు కూర్చున్నాడు. తర్వాత ముద్ద విరిచి నోట్లో పెట్టుకున్నాడు. మట్టి తగిలినట్టుంది, నమలడం ఆపాడు. ఉమ్ముతాడేమో అనుకున్నాను. మింగాడు. ముద్ద అంతా తిన్నాడు.

మరుసటి రోజు నేను లేచేసరికి నాయన వాకిట్లో జల్లెడ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అది ఆడవాళ్ల పని, ఆయన ఎన్నడూ చేసింది కాదు. జొన్నలు దోసెడు దోసెడు పోసి జల్లిస్తున్నాడు. పక్కన ఆ మట్టి చిన్న కుప్ప అయింది. జల్లించినవి మళ్లీ జల్లించాడు. నాలుగైదుసార్లు అయ్యాక పిడికెడు గింజలు అరచేతిలో నలిపి చూశాడు. చేతికి ఇంకా మట్టి అంటింది. అమ్మ గడపలో నిలబడి చూసింది. కొంత సేపటికి వచ్చి ఎదురుగా కూర్చుని, చేటలోకి గింజలు తీసుకుని చెరగడం మొదలుపెట్టింది. అవి అయ్యేసరికి మధ్యాహ్నమైంది.

ఉగాది దాకా ఆ జొన్నలే తిన్నాము.